వారంటీ తీరినా హక్కు తీరదు

పొందూరు: ఇంటి ముందు కారు నిలిచిందంటే ఒకప్పుడు అది కలవారి ముచ్చట. నేడు ఆ రోజులు పోయాయి. ఫైనాన్సులో కారు తీసుకుని పెళ్లిళ్లకు, రైళ్లకు, శ్రీకాకుళం ఆసుపత్రులకు కిరాయి తిప్పుకుంటూ పొట్ట పోసుకునే యువకులు పల్లెల్లోనూ ఉన్నారు. కారు నడిస్తేనే వారి ఇంట్లో పొయ్యి రాజుకుంటుంది. కారు మూలపడినా నెలవారీ వాయిదా మాత్రం ఆగదు.

ఇలాంటి వారికి నేడు పెద్ద గండం గేరుబాక్సు. టైరు పేలితే మార్చుకోవచ్చు, రేడియేటరు కారితే మాట్లు వేయించుకోవచ్చు. గేరు పడక బండి నడిరోడ్డున నిలిచిపోతే, అదీ వారంటీ గడువు దాటాక నిలిచిపోతే, కొన్నవాడి గోడు వినే నాథుడు ఉండడు. ‘గడువు తీరిపోయింది, ఇక మాకు సంబంధం లేదు’ అన్న ఒక్క మాటతో చేతులు దులుపుకోవడం పరిపాటి అయింది. అయితే చట్టం ఆ మాటను అంత తేలికగా ఒప్పుకోదు. ఈ సంగతి తెలియకపోతే నష్టపోయేది కొన్నవాడే.

వారంటీ పత్రంలో ఇన్ని సంవత్సరాలు లేదా ఇన్ని వేల కిలోమీటర్లు, ఏది ముందు వస్తే అది అని రాసి ఉంటుంది. సొంత కారు వారికి ఏళ్లు ముందు తీరుతాయి, కిరాయి వారికి కిలోమీటర్లు ముందు తీరుతాయి. 40 వేల కిలోమీటర్ల హద్దు ఉన్న బండిని రోజుకు 150 కిలోమీటర్ల చొప్పున తిప్పితే తొమ్మిది నెలలకే గడువు చెల్లు. కొన్న నాడే ఈ లెక్క చూసుకోవాలి.

రాట్నం వేరు, కారు వేరు

సన్న ఖద్దరుకు పెట్టింది పేరు పొందూరు. వలుగ చేప దవడతో పత్తి ఏకి, ఒంటి కదురు రాట్నంపై నూలు తీసే ఆడవారికి తమ రాట్నంలోని ప్రతి పుల్లా తెలుసు. తాడు తెగితే ముడి వేసుకుంటారు, కదురు వంగితే సరిచేసుకుంటారు. పాత కార్ల సంగతీ కొంతవరకు అంతే. అంబాసిడర్ గేరుబాక్సును చెట్టు కింద దించి, అరిగిన పళ్లచక్రం మార్చి, సాయంత్రానికి బిగించి పంపే మేస్త్రీలు ఉండేవారు.

కొత్త కార్లలో ఆ వీలు తగ్గింది. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో తక్కువ ధర కార్లకు ‘ఏఎంటీ’ అనే పద్ధతి వచ్చింది. ఇందులో గేరుబాక్సు పాత తరహాదే. కాలితో క్లచ్ నొక్కడం, చేత్తో గేరు మార్చడం అనే రెండు పనులనూ మనిషికి బదులు ఒక యంత్రం చేస్తుంది. ఆ యంత్రానికి ఎప్పుడు ఏం చేయాలో చెప్పేది ఒక చిన్న కంప్యూటర్. ఖరీదైన కొన్ని కార్లలో క్లచ్‌లే రెండు ఉంటాయి. బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి. వాటినీ నడిపేది కంప్యూటరే.

చిక్కు అక్కడే వచ్చింది. పళ్లచక్రం అరిగినా, వైరు వదులైనా, కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ తప్పినా పైకి కనిపించే లక్షణం ఒకటే. బండి కుదుపుతుంది, గేరు పడదు, ఎదుట ఎర్ర దీపం వెలుగుతుంది. చెవి పెట్టి వింటే తెలిసే జబ్బు కాదిది.

ముందుగా చూడవలసినవి

దీపం వెలగగానే గేరుబాక్సు మొత్తం పోయిందని బెదిరిపోనక్కర లేదని అనుభవజ్ఞులైన మెకానిక్‌లు చెబుతారు. బ్యాటరీ నీరసించినా, దాని తీగల చివర తుప్పు పట్టినా కంప్యూటర్‌కు చాలినంత కరెంటు అందక లేనిపోని తప్పులు చూపిస్తుంది. ఏఎంటీ బండిలో బ్రేకు తొక్కితేనే గేరు పడుతుంది. బ్రేకు స్విచ్చి చెడితే బ్రేకు తొక్కినా ఆ కబురు కంప్యూటర్‌కు చేరదు. వందల్లో పోయే ఈ మరమ్మతులను చూడకుండా వేలల్లోకి, లక్షల్లోకి దిగడం తెలివైన పని కాదు.

తర్వాత చేయవలసింది స్కానరు పెట్టించడం. కంప్యూటర్ తాను గుర్తించిన లోపాన్ని ఒక సంకేతంగా దాచి ఉంచుతుంది. ఆ సంకేతాన్ని కాగితంపై రాయించుకోవాలి, లేదా తెరను ఫొటో తీసుకోవాలి. ఆ పని కాకముందే దాన్ని చెరిపివేయనివ్వరాదు. చెరిపితే దీపం ఆరుతుంది, జబ్బు మాత్రం ఉంటుంది. నాలుగు రోజులకు మళ్లీ మొదటికి వస్తుంది. అప్పటికి చేతిలో ఆధారం ఉండదు.

‘సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాం, సరిపోతుంది’ అన్న మాట కూడా సర్వీసు కేంద్రాల్లో వినిపిస్తూ ఉంటుంది. సరిపోతే మంచిదే. పాతది ఏది, కొత్తది ఏది, ఎందుకు మార్చారు అన్నది బిల్లుపై రాయమని అడగాలి. లోపం లేనిదే సాఫ్ట్‌వేర్ ఎందుకు మార్చారన్న ప్రశ్నకు ఆ బిల్లే రేపు సాక్ష్యం. ఏఎంటీ బండికి క్లచ్ ప్లేటు మార్చాక కంప్యూటర్‌కు కొత్త ప్లేటును ‘అలవాటు’ చేయించాలి. ఆ పని చేయకుండా బండి ఇచ్చి పంపితే కుదుపు తప్పదు.

నడిపేవారు పాటించవలసినదీ కొంత ఉంది. ఎత్తు మీద యాక్సిలరేటరు తొక్కి బండిని నిలబెట్టరాదు, బ్రేకు వేయాలి. రైలు గేటు వద్ద చాలాసేపు ఆగవలసి వస్తే న్యూట్రల్‌లో పెట్టాలి. లేకుంటే క్లచ్ వేడెక్కి త్వరగా అరుగుతుంది. అరిగిపోయే భాగాలకు సాధారణంగా వారంటీ వర్తించదు.

నడిపేవాడిదే తప్పా?

బండి కుదుపుతోందంటే ‘మీకు నడపడం రాదు’ అన్న జవాబు రావడం మన దగ్గరే కాదు, పరాయి దేశాల్లోనూ ఉంది. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కంపెనీ రెండు క్లచ్‌ల ‘పవర్‌షిఫ్ట్’ గేరుబాక్సు ఉన్న కార్లు అమ్మింది. బండి వణుకుతోందని వచ్చిన కొందరికి, అది వారు నడిపే తీరు వల్లేనని చెప్పింది. ఆ గేరుబాక్సులో నాణ్యత లోపాలు ఉన్నట్లు అప్పటికే కంపెనీకి తెలుసు. అక్కడి వినియోగదారుల కమిషన్ కోర్టుకెక్కింది. 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. అమెరికాలో ఇదే గేరుబాక్సు కంప్యూటర్‌కు వారంటీని 10 ఏళ్లకు పొడిగించవలసి వచ్చింది.

చైనాలో 2013 మార్చి 15న వినియోగదారుల దినోత్సవం నాడు అక్కడి ప్రభుత్వ టెలివిజన్ ఫోక్స్‌వ్యాగన్ గేరుబాక్సు లోపాలను బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే ఆ కంపెనీ 3 లక్షల 84 వేలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది. ఒక్కొక్కరు విడివిడిగా మొత్తుకున్నప్పుడు కదలని కంపెనీలు పదిమంది గొంతు కలిసినప్పుడు కదిలాయన్నది గమనార్హం.

మన చట్టం ఏమంటుంది?

మన దేశంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానే 2019 చట్టం వచ్చింది. అది 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. వారంటీ అన్నది కంపెనీ తానుగా ఇచ్చే మాట. చట్టం ఇచ్చే హక్కు వేరు. వస్తువు నాణ్యతలో లోపం ఉంటే, వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వారంటీ ఉండగానే లోపం బయటపడి, పదే పదే బాగుచేసినా కుదరకపోతే, ఆలోగా గడువు తీరిందన్న సాకు అంత సులువుగా చెల్లదు.

షోరూం విశాఖపట్నంలో ఉన్నా, కంపెనీ మద్రాసులో ఉన్నా అక్కడికి పరుగెత్తనక్కర లేదు. కొన్నవారు నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. పొందూరు వారికి శ్రీకాకుళం జిల్లా కమిషన్ ఉంది. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షలు మించకుంటే కేసు ఇక్కడే నడుస్తుంది. ఫీజు 5 లక్షల ధర వరకు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400 రూపాయలు. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు.

‘కిరాయి బండికి వినియోగదారుల చట్టం వర్తించదు’ అనే వారి మాట పూర్తిగా నిజం కాదు. స్వయం ఉపాధిగా, కేవలం తన జీవనం కోసం బండి కొనుక్కుని తిప్పుకునే వాడు చట్టం దృష్టిలో వినియోగదారుడే. పది బండ్లు పెట్టి జీతగాళ్లతో వ్యాపారం చేసేవారి సంగతి వేరు.

అయితే కేసు వేస్తే కొత్త కారు వస్తుందని ఆశపడరాదు. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో క్లచ్ లోపంపై సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, చెడిన భాగం మార్చడం వరకే వారంటీ షరతు కాబట్టి కారు మొత్తం మార్చాలనడం కుదరదన్నది. లోపం తయారీలోనిదని రుజువు చేయవలసింది కూడా ఫిర్యాదుదారే. అందుకు నిపుణుడి నివేదిక ముఖ్యం.

రోడ్డుపై ప్రమాదం తెచ్చే లోపమైతే మరో దారి ఉంది. మోటారు వాహనాల చట్టంలోని కొత్త నిబంధనల ప్రకారం 2021 ఏప్రిల్ 1 నుంచి, ఏడేళ్ల లోపు వాహనాల్లో అలాంటి లోపం ఉంటే వాటిని వెనక్కి పిలవాలని ప్రభుత్వం కంపెనీని ఆదేశించవచ్చు. సాఫ్ట్‌వేర్ లోపానికీ ఇది వర్తిస్తుంది. తమ బండి అలాంటి పిలుపులో ఉన్నదీ లేనిదీ ఛాసిస్ నంబరు చెప్పి తెలుసుకోవచ్చు. పిలుపులో ఉంటే మరమ్మతు ఉచితం.

బయటి మెకానిక్‌లకు విడిభాగాలు, పరీక్షా పరికరాలు అందకుండా చేయడాన్ని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ తప్పుబట్టింది. 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు దానిపై అప్పీళ్లకు వెళ్లాయి.

కాగితమే కొండంత అండ

నోటిమాటకు కమిషన్ ముందు విలువ తక్కువ. బండి సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డుపై తమ ఫిర్యాదును తమ మాటల్లోనే రాయించాలి. ‘జనరల్ చెకప్’ అని రాస్తే ఒప్పుకోరాదు. తేదీ, కిలోమీటర్లు తప్పనిసరి. మార్చిన పాత భాగాన్ని చూపమనాలి. వారంటీ తీరడానికి నెల రోజుల ముందే బండిని చూపించి, ఉన్న చిన్న లోపాన్ని సైతం నమోదు చేయించాలి. పొడిగించిన వారంటీ కొనేవారు గేరుబాక్సు కంప్యూటర్, క్లచ్ నడిపే యంత్రం అందులో ఉన్నాయో లేవో చదివి మరీ సంతకం చేయాలి.

గడువు తీరాక లోపం వస్తే ముందు కంపెనీ ప్రధాన కార్యాలయానికి రాతపూర్వకంగా రాయాలి. సర్వీసులు సక్రమంగా చేయించిన వారికి ఖర్చులో కొంత కంపెనీలు భరించే సందర్భాలు ఉన్నాయి. జవాబు రాకుంటే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడా తేలకుంటే కమిషన్ ఉండనే ఉంది.

ఈ వివరాలు పల్లెలకు చేరడం లేదన్నదే అసలు కొరత. ప్రతి ఏటా డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం జరుపుతారు. ఆ సభలను జిల్లా కేంద్రానికే పరిమితం చేయకుండా పొందూరు వంటి మండల కేంద్రాల్లో కూడా జరపాలి. ఆటోలు, కార్లు, ట్రాక్టర్ల వారిని పిలిచి ఫిర్యాదు రాసే తీరు నేర్పితే ఎన్నో కుటుంబాలు అప్పుల పాలు కాకుండా ఉంటాయి. అధికారులు ఈ దిశగా చొరవ చూపవలసి ఉంది. అంతవరకు బండి యజమానులు చేయగలిగింది ఒకటే. బండి తాళాలతో పాటు బండి కాగితాలనూ భద్రం చేసుకోవాలి.