నాణెమును నుడియు: నవసామ్రాజ్యవాద స్వరూపము

సామ్రాజ్యమనగానే మన ప్రాచీన కావ్యములు చదివినవారికి దిగ్విజయ యాత్రయు, జయస్తంభమును, కప్పమును స్ఫురించును. ఓడిన రాజు గెలిచిన రాజునకు కప్పము గట్టును. ఏలిక ఎవరో, సామంతుడెవరో శాసనమున స్పష్టముగా చెక్కబడియుండును. ఐరోపీయ సామ్రాజ్యములును ఈ విషయమున దాపరికము పాటింపలేదు. గవర్నరు, జెండా, పటాలము - ఈ మూడింటిని చూచినచో పాలకుడెవరో పసిపిల్లలకును తెలియును. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఈ మూడును క్రమముగా తొలగినవి. 1960 అను ఒక్క సంవత్సరముననే ఆఫ్రికా ఖండమున 17 దేశములు స్వతంత్రములైనవి. కాని జెండా మారినంతమాత్రమున అధికారము చేతులు మారెనా యను ప్రశ్న అప్పుడే పుట్టినది. ఆ ప్రశ్నతోపాటు వ్యాప్తికి వచ్చిన పారిభాషిక పదమే నవసామ్రాజ్యవాదము. దీనినే నవవలసవాదమనియు అందురు.

ఈ భావమునకు కొంత చరిత్ర కలదు. 1953లో గాలఘర్, రాబిన్సన్ అను ఆంగ్ల చరిత్రకారులు, బ్రిటిషు సామ్రాజ్యము జెండా నాటిన చోటనే గాక, కేవల వ్యాపారముచే లొంగదీసికొనిన లాటిన్ అమెరికా వంటి చోట్లను సైతము విస్తరించెనని వాదించిరి. 1955లో బాండుంగ్ సమావేశమును ప్రారంభించుచు ఇండొనేషియా అధ్యక్షుడు సుకర్ణో, వలసతత్త్వమునకు ఆర్థిక నియంత్రణము, బుద్ధి నియంత్రణము అను ఆధునిక వేషము కూడ కలదని హెచ్చరించెను. 1961లో కైరోలో కూడిన అఖిల ఆఫ్రికా ప్రజల మహాసభ దీనిపై ప్రత్యేక తీర్మానము చేసెను. 1965లో ఘానా అధ్యక్షుడు క్వామే ఎన్క్రుమా ఈ విషయముపై ఒక గ్రంథమునే ప్రకటించెను. బాహ్యమున సర్వస్వతంత్రమైన దేశముయొక్క ఆర్థిక వ్యవస్థ, తన్మూలమున దాని రాజనీతి, వెలుపలి నుండి నడుపబడుటయే నవవలసవాదమని అతని నిర్వచనము. ఇందు నడుపువానికి అధికారమే కాని బాధ్యత లేదనుట ఆ గ్రంథమున ముఖ్యమైన సూక్ష్మాంశము.

నేడు ఈ పదము తిట్టుగా వాడుకకు వచ్చి పదును కోల్పోయినది. తమకు గిట్టని ప్రతి విదేశ వస్తువును నవసామ్రాజ్యవాదమనువారు కలరు. కావున శాస్త్రచర్చకు ఒక గీటురాయి కావలెను. నిర్ణయించువాడెవడు? ఫలితము ననుభవించువాడెవడు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము ఒక్కటియే యైనచో, నిర్ణయము మంచిదైనను చెడ్డదైనను, అది స్వపరిపాలనమే. నిర్ణయించువాడు ఒకచోటను, అనుభవించువాడు మఱొకచోటను ఉండి, అనుభవించువానికి నిర్ణయించువానిని ప్రశ్నించు మార్గము లేనప్పుడే ఈ పదము సార్థకమగును. ఈ గీటురాయి నాణెమునకు ఎట్లు పనిచేయునో, నుడికిని అట్లే పనిచేయునని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. నాణెమనగా ఇచట దేశముయొక్క ద్రవ్యమని గ్రహింపవలెను.

మొదట నాణెమును పరిశీలింతము. 1945 డిసెంబరు 26వ తేదీన ఫ్రెంచి ప్రభుత్వము తన ఆఫ్రికా వలసలకు 'సి.ఎఫ్.ఎ. ఫ్రాంకు' అను ద్రవ్యమును సృష్టించెను. ఆ మూడక్షరములకు ఆనాటి అర్థము 'ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసలు' అని. వలసలు స్వతంత్రములైన పిమ్మట అక్షరములు అట్లే యుండి అర్థము మాత్రము మారినది. పశ్చిమాఫ్రికాలో అది 'ఆఫ్రికా ఆర్థిక సముదాయము' అయినది; మధ్యాఫ్రికాలో 'మధ్యాఫ్రికా ఆర్థిక సహకారము' అయినది. నేడు పశ్చిమమున 8, మధ్యమున 6, మొత్తము 14 దేశములు ఈ ద్రవ్యమును వాడుచున్నవి.

దీని పనితీరు నాలుగు కట్టుబాట్లపై నిలిచినది. సి.ఎఫ్.ఎ. ఫ్రాంకునకు ఫ్రెంచి ఫ్రాంకుతో స్థిరమైన మారకపు విలువ యుండుట మొదటిది. ఆ విలువకు ఫ్రెంచి ప్రభుత్వ కోశాగారము హామీ యిచ్చుట రెండవది. ఈ దేశములకును ఫ్రాన్సునకును నడుమ ధనము నిరాటంకముగా రాకపోకలు సాగించుట మూడవది. హామీకి బదులుగా ఆయా దేశములు తమ విదేశీ మారక నిల్వలలో కొంత భాగమును ఫ్రెంచి కోశాగారమున జమచేయుట నాల్గవది. ఈ భాగము మొదట నూటికి నూఱు. 1973 తరువాత 65. ఈ శతాబ్దపు మొదటి దశకము నుండి 50. రెండు కేంద్ర బ్యాంకుల ప్రధాన కార్యాలయములును 1970ల ద్వితీయార్ధము వఱకు పారిస్ నగరముననే యుండెను. అవి డకార్, యవుందే నగరములకు తరలిన తరువాతను నోట్ల ముద్రణము ఫ్రాన్సులోనే సాగినది.

ఈ కట్టుబాటును కాదనినవారి గతి యేమి? 1958 సెప్టెంబరు 28న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణమున ఫ్రెంచి సముదాయమును నిరాకరించిన ఏకైక ఆఫ్రికా వలస గినీ. ఫ్రెంచి అధికారులు వెంటనే వెడలిపోయిరి, సహాయము నిలిచిపోయెను. 1960లో గినీ సొంత ద్రవ్యమును ప్రవేశపెట్టగా, ఫ్రెంచి గూఢచారి విభాగము దొంగనోట్లను ఆ దేశమున వెదజల్లెను. ఈ సంగతిని ఆ విభాగమున పనిచేసినవారే పిమ్మట వెల్లడించిరి.

కట్టుబాటులో ఉన్నవారికి దాని బలము 1994 జనవరిలో తెలిసివచ్చెను. అంతవఱకు 50 సి.ఎఫ్.ఎ. ఫ్రాంకులకు ఒక ఫ్రెంచి ఫ్రాంకు వచ్చుచుండగా, జనవరి 11న డకార్‌లో ప్రకటించిన నిర్ణయముతో 100కు ఒకటి అయినది. దిగుమతియగు బియ్యము, మందులు కొనువాని చేతిలోని సొమ్ము ఒక్క రాత్రిలో సగమైనది. ప్రకటనపై సంతకములు ఆఫ్రికా నాయకులవే. కాని వెనుక నున్న ఒత్తిడి ఫ్రాన్సుది, అంతర్జాతీయ ద్రవ్యనిధిది. 1966 జూన్‌లో భారత ప్రభుత్వము రూపాయి విలువను తగ్గించినప్పుడును విదేశ ఒత్తిడి లేకపోలేదు. అయినను ఆ నిర్ణయమునకు ఢిల్లీ ప్రభుత్వము పార్లమెంటునకు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను. మఱుసటి సంవత్సరమే ఓటర్ల యెదుట నిలువవలసివచ్చెను. డకార్ సంతలో బియ్యము కొనువాడు పారిస్‌లోని మంత్రిని ఏ యెన్నికలో ఓడింపగలడు?

1999లో విచిత్ర పరిణామమొకటి జరిగినది. ఫ్రాన్సు యూరోను స్వీకరించుటతో సి.ఎఫ్.ఎ. ఫ్రాంకు యూరోకు ముడిపడి, 655.957కు ఒక యూరో అని విలువ స్థిరపడినది. ఫ్రాంకు ఫ్రాన్సులో అంతరించి ఆఫ్రికాలో మాత్రము బ్రతికియున్నది. యూరో వడ్డీరేట్లను నిర్ణయించు ఫ్రాంక్‌ఫర్టు సభలో పత్తి పండించు మాలి రైతునకు గాని, కోకో పండించు ఐవరీ కోస్టు రైతునకు గాని ప్రతినిధి లేడు.

ప్రతిపక్ష వాదమును ఇచట విస్మరింపరాదు. ఈ ద్రవ్యము గల దేశములలో ధరల పెరుగుదల ఇరుగుపొరుగు దేశములకంటె సాధారణముగా తక్కువ. సొంత ద్రవ్యము గల ఘానాలో ధరలు పలుమార్లు అదుపు తప్పినవి. 1962లో బయటకు వెడలిన మాలి, 1984లో తిరిగి వచ్చి చేరెను. నిరాకరించిన గినీ, సెకు టూరే నిరంకుశత్వము క్రింద నలిగిపోయెను. ఇవన్నియు యథార్థములే. స్వాతంత్ర్యము తనంతట తానే సుపరిపాలనము కాదు. కాని హామీదారుని వలన స్థిరత్వము లభించిననుటయు, హామీదారునిదే నిర్ణయమనుటయు పరస్పర విరుద్ధములు కావు. తాకట్టులోని సొమ్ము దొంగలపాలు కాకపోవచ్చును. అయినను అది తాకట్టులోనే యున్నది. అంతేకాక ఈ కట్టుబాటును ఫ్రాన్సు ఒక్కటియే నిలుపలేదు. ధనమును నిరాటంకముగా పారిస్‌కు తరలింపగల స్థానిక సంపన్నవర్గమునకును ఇందు లాభము కలదు. నవసామ్రాజ్యమున వెలుపలి చేయి కనబడకుండుటకు కారణము, అది లోపలి చేతిని పట్టుకొనియుండుటయే.

2019 డిసెంబరులో ఆబిజాన్ నగరమున ఐవరీ కోస్టు అధ్యక్షుడు వత్తారా, ఫ్రెంచి అధ్యక్షుడు మాక్రోన్ కలసి, పశ్చిమాఫ్రికా ద్రవ్యమునకు 'ఎకో' అని పేరు మార్తుమనియు, నిల్వలను పారిస్‌లో జమచేయు నియమమును ఎత్తివేయుదుమనియు ప్రకటించిరి. నియమము తొలగినది, హామీయు, స్థిరమైన విలువయు మిగిలినవి, 2025 నాటికి ఎకో చెలామణికి రాలేదు. 2022, 2023 సంవత్సరములలో మాలి, బుర్కినా ఫాసో, నైజర్ దేశముల సైనిక ప్రభుత్వములు ఫ్రెంచి సేనలను పంపివైచి రష్యా సాయుధులను ఆహ్వానించినవి. పటాలము మారినది, నాణెము మారలేదు. ఒక రక్షకుని విడిచి మఱొకని ఆశ్రయించుటయే స్వాతంత్ర్యమగునా యను ప్రశ్నయు మిగిలినది.

నాణెమునుండి నుడికి పోవు మార్గమును సెనెగల్ రచయిత ఉస్మాన్ సెంబేన్ చూపెను. అతడు 1966లో ఫ్రెంచిలో ఒక పెద్దకథ వ్రాసి, 1968లో దానినే 'మందాబి' అను చలనచిత్రముగా స్వభాషయైన వొలోఫ్‌లో తీసెను. కథావస్తువు ఒక మనియార్డరు. పారిస్ వీధులు ఊడ్చు మేనల్లుడు డకార్‌లోని ఇబ్రహీమా డియెంగ్ అను నిరుద్యోగికి 25,000 ఫ్రాంకులు పంపును. అందు డియెంగ్ వంతు 2,000 మాత్రమే. ఆ సొమ్ము తీసికొనుటకు గుర్తింపు పత్రము కావలెను. దానికి జన్మపత్రము కావలెను. జన్మపత్రమునకు పుట్టిన తేదీ కావలెను. కార్యాలయములన్నియు ఫ్రెంచిలో నడచును. డియెంగ్‌కు ఫ్రెంచి చదువ రాదు. తుదకు చదువుకొనిన బంధువొకడు అతనిచే అధికార పత్రము వ్రాయించుకొని సొమ్మంతయు అపహరించును. దేశము స్వతంత్రము, గుమాస్తా స్వదేశీయుడు, మోసగించినవాడు బంధువు. ఫ్రెంచివాడు ఒక్కడును అడ్డుపడలేదు. అయినను తన ఊరిలో తన సొమ్ము చేతికందుటకు ఆ వృద్ధునకు పరభాష కావలసివచ్చెను. చదువురాని తన ప్రజలకు కథ చేరవలెననియే సెంబేన్ చలనచిత్రమును చేపట్టెను.

సెనెగల్ ఫ్రెంచివారి యేలుబడిలోనిది. ఆంగ్లేయుల యేలుబడిలోని కెన్యాలోను ఇదే ప్రశ్న, అదే 1968లో, విశ్వవిద్యాలయ ప్రాంగణమున తలయెత్తెను. ఆ అక్టోబరు 24న నైరోబీలో గూగీ వా థియాంగో, ఓవుర్ అన్యుంబా, తబాన్ లో లియాంగ్ అను మువ్వురు అధ్యాపకులు ఇంగ్లీషు శాఖను రద్దు చేయవలెనని ఒక పత్రము సమర్పించిరి. ఇది పరసాహిత్య బహిష్కారము కాదు. వారి ప్రణాళికలో ఐరోపా సాహిత్యమునకును స్థానము కలదు. కేంద్రమేది, పరిధి యేది అనుటయే వివాదము. ఇంగ్లీషు సాహిత్యము నడుమ నుండి, ఆఫ్రికా సాహిత్యము దాని తోకగా ఉండనేల? మౌఖిక సాహిత్యముతో కూడిన ఆఫ్రికా సాహిత్యమును నడుమ నిలిపి తక్కినవానిని దాని చుట్టు ఏల పఠింపరాదు? నాణెమునకు మారకపు విలువ పారిస్‌లో స్థిరపడినట్లే, కావ్యమునకు మారకపు విలువ లండనులో స్థిరపడుచున్నదని వారు గుర్తించిరి.

తరువాతి కథ మన గీటురాయికి మఱింత నిదర్శనము. 1977లో గూగీ ఇంగ్లీషున ప్రభుత్వమును తీవ్రముగా విమర్శించు నవలను ప్రకటించెను. అతనిని ఎవరును పట్టుకొనలేదు. ఆ సంవత్సరమే కమిరీథు గ్రామస్థులతో కలసి గికూయు భాషలో ఒక నాటకమును ప్రదర్శించెను. నాటకము నిషిద్ధమైనది, అతడు డిసెంబరులో విచారణ లేకయే బందీయైనాడు. నిర్బంధించినది తెల్లదొర కాదు, స్వతంత్ర కెన్యా ప్రభుత్వము. చెఱలో మరుగుదొడ్డి కాగితములపై అతడు గికూయున వ్రాసిన నవల 1980లో వెలువడినది. దానిని వరవరరావు తాను చెఱలో నున్న కాలమున 'మట్టికాళ్ళ మహారాక్షసి' అను పేర తెనిగించెను. ఒక చెఱలో పుట్టిన నవల మఱొక చెఱలో తెలుగైనది. అయినను అది ఇంగ్లీషు మార్గముననే రావలసివచ్చెను. గూగీ 2025 మే నెలలో అమెరికాలో మరణించెను. అతడు లేవదీసిన ప్రశ్న మాత్రము సాహిత్య శాఖలన్నింటికిని మిగిలియున్నది.

అది మనకును మిగిలియున్నది. మన విమర్శకులు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిని 'ఆంధ్ర స్కాట్' అనిరి. కృష్ణశాస్త్రిగారిని 'ఆంధ్ర షెల్లీ' అనిరి. ఇవి గౌరవముతో నిచ్చిన బిరుదములే. కాని షెల్లీని ఇంగ్లండు కృష్ణశాస్త్రి అన్నవాడు లేడు. కృష్ణశాస్త్రిగారు షెల్లీని చదివి ప్రభావితులగుట దాస్యము కాదు. నన్నయ వ్యాసుని, శ్రీనాథుడు శ్రీహర్షుని తెలుగు చేసిరి, తమ భాషను పెంచిరి. స్వీకరించుట జీవముగల భాషకు లక్షణము. దోషము స్వీకరణమున లేదు, తూనికలో కలదు. పాఠకుడు తెలుగువాడు, కవి తెలుగువాడు, తూనికరాయి మాత్రము పొరుగుదేశపుది యైనచో, నిర్ణయించువాడును అనుభవించువాడును వేఱైనట్లే.

సేనలు తరలిపోవుటకు ఒక తేదీ యుండును. జెండా దిగుటకు ఒక ముహూర్తముండును. తూనికరాయి మారుటకు అట్టి దినము లేదు. అది ఒక ఒప్పందముతో గాని, ఒక శాసనముతో గాని జరుగునది కాదు. నాణెము విషయమున ఆ పని కేంద్ర బ్యాంకులలో జరుగవలెను. నుడి విషయమున అది పాఠ్యప్రణాళికలు కూర్చుకొను మన బల్లలయొద్ద, ఏ గ్రంథమును ఏ గ్రంథముతో పోల్చి పాఠము చెప్పుదుమో ఆ తరగతి గదులలో, ప్రతి సంవత్సరమును జరుగవలసియున్నది.