గుండ్రని వీపుగల గిటారునకు కుదురు

పూర్వము మన యిండ్లలో కుండ లేని వంటయిల్లును, కుదురు లేని కుండయు నుండెడివి కావు. అడుగు గుండ్రముగా నున్న పాత్రను చదునైన నేలపై నుంచినచో నది యిటు నటు నొరగును. నీటితో నిండియున్నయెడల దొరలి యొలికిపోవును. అందువలన గడ్డితోగాని గుడ్డతోగాని చుట్టిన కుదురు నొకదానిని క్రింద నమర్చి, దానిపై కుండను నిలుపుచుండిరి. నీళ్లు మోయు స్త్రీలు తలపై చుట్టకుదురు పెట్టుకొనుటయు నిందులకే. కుండ గుండ్రముగా నుండుట దోషము కాదు. క్రింద కుదురు లేకపోవుటయే దోషము. ఈ చిన్న విషయము సంగీతవాద్యములకును వర్తించునని మేము మిక్కిలి యాలస్యముగా తెలిసికొంటిమి. తెలిసికొనిన విధమును, తెలిసికొనిన విషయమును ఈ వ్యాసమున మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

గిటారు నెఱుగనివారు నేడు అరుదు. వీణ భాగములకు మనము వాడు పేళ్లనే దీనికిని వాడుకొందము. పొడవైన మెడ దండి. దండిపై నడ్డముగా నమర్చిన లోహపు కమ్ములు మెట్లు. తంతుల క్రిందనున్న ముందరి చెక్క పలక. సాధారణపు గిటారునకు వీపు చదునుగా నుండును. ప్రక్కలు నడుమవద్ద లోనికి వంగియుండును. గుండ్రవీపు గిటారునకు ముందు పలక యథాప్రకారముగనే యుండినను, వీపును ప్రక్కలును వేఱువేఱుగా నుండక, ఒకే తొట్టివలె వంపు తిరిగియుండును. వీణయందు అట్టి భాగమును కుండ యందుము గనుక ఇచ్చటను కుండ యనియే వ్రాయుచున్నాము.

ఈ రూపమునకు ప్రసిద్ధి కలిగించినవాడు చార్లెస్ కామన్ (1919–2011) అను అమెరికా దేశీయుడు. ఆయన 1945లో విమాననిర్మాణ సంస్థ నొకదానిని స్థాపించి హెలికాప్టరులు చేయించినవాడు. తాను స్వయముగా గిటారు వాయించువాడు. హెలికాప్టరు రెక్కలయందు పుట్టు కంపనము నెట్లు అణచవలెనని శ్రమించిన ఇంజనీర్లకు, కంపనము నెట్లు పెంపొందింపవచ్చునో కూడ తెలిసియుండుట సహజమే గదా! ఆ జ్ఞానమును వాద్యమునకు త్రిప్పి, 1966లో ఓవేషన్ అను పేర గిటారులను చేయ మొదలిడిరి. కుండను గాజునారతోను జిగురు పదార్థముతోను అచ్చుపోసి చేసిరి. చెక్కవీపునకు లోపల అడ్డుబద్దలు కావలెను; ఈ కుండకు వాటి యక్కఱ లేదు. వర్షకాలపు తేమకు ఉబ్బుటయు, వేసవిగాలికి పగులుటయు దీనికి లేవు. కుండలలోను లోతైనవి, లోతు తక్కువవి కలవు. లోతైనది సుమారు 6 అంగుళములును, పలుచనిది సుమారు 4 అంగుళములును ఉండును.

ఇట్టి మంచి వాద్యమునకు చిక్కొక్కటియే: ఒడిలో నిలువదు. చదునువీపు గిటారు వాయించువాని పొట్టకు పలకవలె ఆనుకొనును. దాని నడుమువంపు తొడపై కొక్కెమువలె కూర్చుండును. కావున నది సులభముగా తిరుగదు. గుండ్రని కుండ పొట్టను తాకుచోటు మిక్కిలి చిన్నది. ఆ చోటే యిరుసుగా కుండ తిరుగుటకు వీలున్నది. దానికి తోడు, నేర్చుకొనువాడు మెట్లు కనబడవలెనని ముందునకు వంగి పలకను తనవైపు త్రిప్పుకొనును. పలక ఆకాశమువైపు తిరిగినకొలది కుండ మోకాలివైపు జాఱును. జాఱినదానిని పట్టుకొనుటకు ఎడమచేయి దండిని బిగించును. అప్పుడు మెట్లపై స్వేచ్ఛగా తిరుగవలసిన చేయి కాస్తయు వాద్యమును మోయు చేయి యగును. ఒక్కచేయి రెండు కొలువులు చేయలేదు. మొదట స్వరము చెడును. తరువాత మణికట్టు నొచ్చును. తుదకు వాయించువాని మనస్సు విఱుగును.

ఈ మూడును మా కన్నులయెదుట జరిగినవి. మా పాఠశాలకు దానముగా వచ్చిన గుండ్రవీపు గిటారును తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మిక్కిలి మక్కువతో నేర్చుకొనసాగెను. కొలది వారములు గడచిన పిమ్మట ఆమె, "మాస్టారూ, ఇది జారిపోతున్నదండి, చెయ్యి నొప్పిగా ఉన్నదండి" అని రెండు మూడుసార్లు చెప్పెను. అభ్యాసము చాలలేదనియు, ఇంకొక గంట సాధన చేయుమనియు మేము బదులు చెప్పితిమి. ఇరువది సంవత్సరములకు పైగా బోధించుచున్న మాకు, బాలిక చెప్పినది ఒక్కసారి పరీక్షించి చూడవలెనని తోచకపోయెను.

వార్షికోత్సవదినమున ఆమె పట్టుపావడా కట్టుకొని వచ్చెను. ప్రతిదినము నూలుబట్టపై ఎట్లో నిలిచిన కుండ ఆనాడు పట్టుపై నిలువలేదు. రెండవ చరణము నడుమ గిటారు దొరలెను. ఆమె ఎడమచేతితో దానిని పట్టి క్రింద పడకుండ కాచెను గాని వాద్యము ఆగిపోయెను. గాయకబృందము వాద్యము లేకయే పాటను ముగించెను. మఱునాడు ఆమె గిటారును తెచ్చి బీరువాలో పెట్టి, "నా చేతులు దీనికి పనికిరావండి" అని చెప్పి వెడలిపోయెను.

ఆ సాయంకాలము మేమే ఆ గిటారును ఒడిలో పెట్టుకొని ఆమె కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటిమి. పది నిమిషములు గడవకముందే మా మణికట్టు నొచ్చెను. లోపము బాలిక చేతులది కాదు. కుండ నిచ్చి కుదురు నియ్యని మాది.

అప్పుడు ఆలోచింపగా, మన పెద్దలు ఈ చిక్కును ఏనాడో విడదీసి యుంచినట్లు గ్రహించితిమి. వైణికులు కూర్చుండు తీరును చూడుడు. పనసకఱ్ఱతో చేసిన బొబ్బిలివీణకును కుండ గుండ్రనిదే. వైణికుడు మఠము వేసికొని కూర్చుండి, కుండను కుడివైపున నేలపై ఆనించును. దండి క్రిందనున్న బుఱ్ఱను ఎడమతొడపై నుంచును. బరువంతయు నేలయు తొడయు మోయును. వ్రేళ్లు మెట్లపై స్వేచ్ఛగా తిరుగును. ఐరోపానుండి వచ్చిన ఫిడేలును మనవారు ఏమి చేసిరి? నేలపై కూర్చుండి, దాని యొక కొనను ఎదకు ఆనించి, రెండవ కొనను కుడిపాదముపై నిలిపిరి. గమకములకై ఎడమచేయి జాఱుచు తిరుగవలెను గనుక, మోయు పనిని ఆ చేతినుండి తప్పించిరి. ఐరోపాలోను గుండ్రవీపుగల ల్యూటు అను వాద్యము కలదు. 1676లో ఇంగ్లండు దేశమున థామస్ మేస్ అను వాదకుడు ప్రకటించిన గ్రంథమున, మేజాకు ఎదురుగా కూర్చుండి ల్యూటును మేజా అంచునకు ఆనించి వాయింపుమని బోధించెను. దేశములు వేఱైనను సూత్రమొక్కటియే: మోయునది దేహము, వాయించునవి చేతులు.

ఈ సూత్రము ననుసరించి మేము కుదుర్చుకొనిన పద్ధతిని క్రమముగా వ్రాయుచున్నాము.

మొదటిది ఆసనము. చేతులు లేని గట్టి కుర్చీగాని బల్లగాని కావలెను. మంచము పనికిరాదు, పరుపు క్రుంగినచో తొడలు వాలిపోవును. పాదములు నేలకు చక్కగా ఆనవలెను. కుర్చీ ముందరి సగమున వెన్ను నిటారుగా నుంచి కూర్చుండవలెను.

రెండవది పాదపీఠము. ఎడమపాదము క్రింద 4 మొదలు 6 అంగుళముల యెత్తుగల పీట నుంచవలెను. పీట లేనిచో గుడ్డ చుట్టిన ఇటుక చాలును. గిటారు నడుమును ఎడమతొడపై నుంచి, కుండ క్రిందిభాగమును రెండు తొడల నడిమి పల్లములోనికి దిగనీయవలెను. కుడితొడ లోపలివైపు దానిని ఆపును. ఈ పల్లమే మన కుండకు దేవుడిచ్చిన కుదురు. అట్లుంచినపుడు దండి కొన ఇంచుమించు కంటియెత్తునకు వచ్చును. పాడుచు తాళమునకు తంతులు మీటువారు కుడితొడపైననే పెట్టుకొన గోరినచో, పీటను కుడిపాదము క్రిందికి మార్చవలెను. అయితే అచ్చట పల్లము ప్రాపు తక్కువ గనుక వారికి పట్టీ తప్పక కావలెను.

మూడవది భుజపట్టీ. ఇది నిలుచుండి వాయించువారికే యని పలువురి తలంపు. కూర్చున్నవారికిని ఇది మేలు. రెండంగుళముల వెడల్పుగల నూలుపట్టీగాని తోలుపట్టీగాని శ్రేష్ఠము. సన్ననిది భుజమును కోయును. ఒక కొనను కుండ చివరనున్న మేకునకును, మఱియొక కొనను దండి మొదటనున్న మేకునకును తగిలింపవలెను. రెండవ మేకు లేనిచో దండి చివర, తంతుల క్రిందుగా త్రాడు దూర్చి కట్టవచ్చును. మేకు కావలెనన్నచో పనియెఱిగినవానిచేత పెట్టింపవలెను. ఇంటిలో మనమే తొలిచినయెడల దండి చీలు భయము కలదు. కూర్చున్నపు డెంతయెత్తున నున్నదో నిలుచున్నప్పుడును అంతయెత్తుననే యుండునట్లు పట్టీ పొడవును సరిచేసికొనవలెను.

నాలుగవది జాఱని గుడ్డ. మెత్తని తోలుముక్కను గాని, వంటింటి అలమరలలో పఱచు రంధ్రములుగల రబ్బరుచాప ముక్కను గాని తొడపై పఱచి, దానిపై కుండ నానింపవలెను. మా బాలిక పట్టుపావడాపై నీ ముక్క యొకటి యుండినచో ఆనాటి అవమానము తప్పియుండెడిది. వాయించుట ముగియగానే దానిని తీసివేయవలెను. కొన్నిరకముల రబ్బరు చిరకాలము అంటియుండినచో వాద్యముపైనున్న మెఱుగును చెఱచును.

అయిదవది కుడిచేయి. మోచేతికి కొంచెము ముందరి భాగము కుండయంచుపై తేలికగా వాలవలెను. ఆ బరువే కుండను ఒడిలో నిలుపును, అదిమిపట్ట నక్కఱలేదు. కుడిభుజము చెవివైపు లేచుచున్నదేమో అద్దములో చూచుకొనవలెను. లేచుచున్నచో ఆ కుండ వారి దేహమునకు మిక్కిలి లోతైనదని యర్థము. చిన్నపిల్లలకై క్రొత్తగా కొను తలిదండ్రులు లోతు తక్కువ కుండనే యెన్నుకొనుట మంచిది.

ఆఱవది చూపు. మెట్లను చూచుటకై పలకను త్రిప్పుకొనరాదు. దండి పైయంచున, వాయించువాని కంటికెదురుగా చిన్న చుక్కలుండును. మెట్లు లెక్కించుకొనుటకే వాటిని పెట్టిరి. వాటిని చూచి వాయించుట అలవడినచో, వంగుటయు జాఱుటయు సగము తగ్గును.

ఇవన్నియు అమర్చుకొనిన పిమ్మట పరీక్ష యొకటి కలదు. కుడిచేతితో తంతులు మీటుచు, ఎడమచేతిని దండినుండి తీసి మోకాలిపై పెట్టుకొని పది లెక్కింపుడు. గిటారు కదలనిచో కుదురు కుదిరినట్లే. కదలినచో చేతిని బిగింపక, మఱల మొదటినుండి ఆసనమును, పీటను, పట్టీని సరిచూచుకొనుడు. ప్రతిదినము సాధనకు ముందు ఈ పరీక్ష జరుపవలెను.

నొప్పినిగూర్చి ఒక్కమాట. క్రొత్తగా నేర్చువారికి ఎడమచేతి వ్రేళ్లకొనలు కొన్ని వారములు మండుట సహజము. చర్మము గట్టిపడగానే అది తగ్గును. మణికట్టునగాని, భుజమునగాని, మెడయందుగాని పుట్టు నొప్పియు, వ్రేళ్ల తిమ్మిరియు సహజములు కావు. వాటిని ఓర్చుకొనుట శౌర్యము కాదు. వెంటనే ఆపి, కూర్చున్న తీరును సరిచేసికొనవలెను. ఇరువది నిమిషముల కొకసారి లేచి చేతులు జాడించుకొనవలెను. విశ్రాంతి తీసికొనినను నొప్పి వదలనిచో వైద్యునకు చూపవలెను.

మేము ఆ బాలికను పిలిపించి, తప్పు మాదేయని యొప్పుకొంటిమి. ఆమె మొదట నమ్మలేదు. ఇటుకపై పాదముంచి, పట్టీ తగిలించుకొని, ఎడమచేయి మోకాలిపై పెట్టుకొని పది లెక్కించినపుడు ఆమె ముఖమున కలిగిన యాశ్చర్యమును మేము మఱువజాలము. వెంటనే మఱల నేర్చుకొనుటకు ఆమె యొప్పుకొనలేదు, కొన్నిదినములు గడచినవి. ఇప్పుడు ప్రాతఃకాల సమావేశమున ఆమెయే వాయించుచున్నది. తప్పులు పోవుచున్నవి గాని మణికట్టు నొప్పి యనలేదు. ఆఱవ తరగతి పిల్లలు గిటారు ముట్టుకొనవచ్చినప్పుడు, తంతులు చూపుటకు ముందు రబ్బరుముక్కను వారి తొడపై పఱచుచున్నది.

తలిదండ్రులకు మా మనవి: పిల్లలు "నావల్ల కాదు" అన్నప్పుడు, మేము చేసినట్లు మఱింత సాధన చేయుమని గద్దించుటకు ముందు, వారి క్రింద నేమున్నదో ఒక్కసారి వంగి చూడుడు. విద్యార్థులకు మా సూచన: సంగీతపు బీరువాలో గిటారు ప్రక్కన గుడ్డ చుట్టిన ఇటుకయు, భుజపట్టీయు, రబ్బరుముక్కయు ఉంచియున్నాము. గిటారు తీసికొనువారు ఆ మూడింటిని గూడ తీసికొనవలెను. మఱల పెట్టునపుడు రబ్బరుముక్కను వేఱుగా పెట్టవలెను.