కొసరు కాదు... కొత్తిమీరే అసలు!

కూరగాయల బేరమంతా అయ్యాక సంచీలో ఆఖరున పడేది కొత్తిమీర కట్ట. వంటింట్లోనూ దానిది ఆఖరి వరసే. చారు దించేముందు నాలుగు రెబ్బలు, ఉప్మా మీద ఇంకో నాలుగు... అంతే. మిగిలిన కట్ట ఫ్రిజ్‌లో ఓ మూలకి చేరుతుంది. రెండ్రోజులకి వాడిపోయి, నాలుగో రోజుకి పసుపురంగుకి తిరిగి, వారం గడిచేసరికి జిగురుజిగురుగా మారి చెత్తబుట్టలో పడుతుంది. డబ్బు పెట్టి కొన్నదాంట్లో సగం అలా పారబోయని ఇల్లు అరుదు.

కొత్తిమీరని కూరగాయలా చూసే వంటలు మన పెద్దవాళ్లకి బాగా తెలుసు. వాటిలో ఒకటి రెండు వారానికోసారి చేసుకున్నా కట్టలో ఒక్క కాడ కూడా వృథా కాదు. అందుకు తెలియాల్సింది రెండే సంగతులు... ఏ భాగాన్ని వాడాలి? ఎప్పుడు వేయాలి?

కాడ ముందు... ఆకు చివర

కొత్తిమీర ఆకు వాసనకి కారణం ఆల్డిహైడ్లు అనే పదార్థాలు. అవి వేడి తగిలితే ఇట్టే ఆవిరైపోతాయి. అందుకే పులుసుతో పాటే ఆకు కూడా మరిగితే రంగూ పోతుంది, ఘుమఘుమా పోతుంది. స్టవ్ ఆపేసిన తర్వాత ఆకు వేసి మూత పెడితే చాలు. ఆ వేడికే వాసన గిన్నెంతా పడుతుంది.

కాడల సంగతి వేరు. చాలామంది ఆకులు గిల్లుకుని కాడలు పారేస్తారు. లేత కాడల్లోనూ వాసన దండిగానే ఉంటుంది, పైగా కాస్త వేడికి తట్టుకుంటాయి. వాటిని సన్నగా తరిగి తాలింపులో ఉల్లిపాయ ముక్కలతో పాటు వేయించుకోవచ్చు. ముదురు కాడలైతే పచ్చడిలోకి, మసాలా ముద్దలోకి నూరుకోవచ్చు. పప్పు అయినా, కుర్మా అయినా... కాడ ముందు, ఆకు చివర!

వంకాయకి జోడీ

కొత్తిమీర గొప్పదనం తెలియాలంటే వంకాయ కొత్తిమీర కారం తినాల్సిందే. అరకిలో లేత వంకాయల్ని గుత్తులుగా కోసి ఉప్పునీళ్లలో వేసుకోవాలి. పెద్ద కొత్తిమీర కట్ట ఒకటి, ఆరేడు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం ముక్క, కాస్త జీలకర్ర, ఉప్పు కలిపి కచ్చాపచ్చాగా నూరాలి. నీళ్లు పోయకూడదు. బాణలిలో నూనె వేడిచేసి వంకాయలు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనివ్వాలి. ముప్పావు వంతు మగ్గాక నూరిన ముద్దని కాయల్లోకి కూరి, మిగిలింది పైన వేసి మరో నాలుగైదు నిమిషాలు ఉంచితే పచ్చివాసన పోతుంది. అంతకుమించి ఉంచితే ఆకుపచ్చ రంగు నల్లబడుతుంది. ఇదే కారం అరటికాయకీ, దొండకాయకీ, బంగాళాదుంపకీ కూడా బాగా నప్పుతుంది.

ఈ రోజుకో పచ్చడి... నెల్లాళ్లకో పచ్చడి

రోటి పచ్చడికి రెండు కట్టలు కావాలి. నూనెలో మినప్పప్పు, ఆవాలు, చిటికెడు మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ వేయించి, నానబెట్టిన చింతపండు, ఉప్పు చేర్చి నూరాలి. చివర్లో కొత్తిమీర వేసి రెండు తిప్పులు తిప్పితే చాలు. ఓ చిన్న బెల్లం ముక్క పడితే రుచి ఇంకా పెరుగుతుంది. ఆ పూటకే అయితే ఆకు పచ్చిగానే నూరుకోవచ్చు. మర్నాటికి కూడా కావాలంటే నూనెలో ఒక్క నిమిషం మగ్గించి నూరి, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

నిల్వ పచ్చడికి మాత్రం ఓపిక కావాలి. కడిగిన ఆకుని గుడ్డ మీద పరిచి, నీడలో తడి పూర్తిగా ఆరేదాకా ఉంచాలి. చింతపండు, ఉప్పు, కారం పాళ్లలో పిసినారితనం పనికిరాదు. పచ్చడి చెడకుండా కాపాడేవి అవే. నీటిచుక్క తగలకుండా నూరి, కాచి చల్లార్చిన నూనె తాలింపు కలిపి, పొడి జాడీలోకి తీసుకోవాలి. తడి చెంచా పెడితే పడ్డ కష్టమంతా బూజు పాలే!

ఈ పచ్చడికి చలికాలమే అదను. కొత్తిమీర చల్లదనాన్ని ఇష్టపడే పంట. ఎండలు ముదిరితే ఆకు గుబురుగా పెరగక తొందరగా పూతకొచ్చేస్తుంది. వేసవిలో మంచి కట్ట దొరకడం కష్టమయ్యేది, ధర చుక్కలనంటేది అందుకే.

ఊరు మారితే రుచి మారె

కొత్తిమీరతో మనిషికున్న చుట్టరికం ఈనాటిది కాదు. ఈజిప్టులో 1922లో బయటపడ్డ టుటన్‌ఖామెన్ సమాధిలోనూ ధనియాలు దొరికాయి. మహారాష్ట్రలో కట్టల కొద్దీ కొత్తిమీర తరిగి, శనగపిండితో కలిపి ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి వేయిస్తారు. అదే కోథింబీర్ వడి. సాయంత్రం టీతో పాటు పిల్లలు అడిగి మరీ తింటారు. మనం కోసి పారేసే వేళ్లని థాయ్‌లాండ్‌లో వెల్లుల్లి, మిరియాలతో కలిపి దంచి, ఆ ముద్దతోనే చాలా వంటలు మొదలుపెడతారు. పోర్చుగల్‌లోని అలెంటేజు ప్రాంతంలో కొత్తిమీర, వెల్లుల్లి, ఉప్పు దంచి, ఆలివ్ నూనె, మరిగే నీళ్లు పోసి, అందులో నిన్నటి రొట్టె ముక్కలు, గుడ్డు వేసుకుని తింటారు. పేదింటి భోజనంగా పుట్టిన ఆ ‘అసోర్డా’ ఇప్పుడు అక్కడి హోటళ్లలోనూ దొరుకుతుంది.

అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకి మొదట్లో తప్పని తికమక ఒకటుంది. అక్కడ కొత్తిమీర పేరు సిలాంట్రో. దుకాణాల్లో తరచూ దాని పక్కనే అచ్చం అలాగే ఉండే పార్స్‌లీ కట్టలు పెడతారు. రెండూ ఒకే కుటుంబానివి... జీలకర్ర, వాము, క్యారెట్ కూడా ఆ కుటుంబంలోవే. పార్స్‌లీ ఆకు అంచులు కొసగా, కొత్తిమీర అంచులు కాస్త గుండ్రంగా ఉంటాయి. అనుమానమొస్తే ఆకు నలిపి వాసన చూడటమే దారి. పార్స్‌లీ వేసిన చారుకి కొత్తిమీర ఘుమఘుమ రాదు. అలాగని అది చేతకానిదేం కాదు. లెబనాన్‌వాళ్ల ‘తబూలే’ సలాడ్‌లో ముప్పాతిక మువ్వీసం పార్స్‌లీయే. టమాటా, పుదీనా, నిమ్మరసం, కొద్దిగా గోధుమరవ్వ దానికి తోడు మాత్రమే.

‘సబ్బు వాసన’ అంటే...

‘నాకొద్దు, సబ్బు వాసన’ అంటూ కొత్తిమీరని ఏరి పక్కన పెట్టేవాళ్లు కొందరుంటారు. అది మొండితనం కాకపోవచ్చు. వాసనని గుర్తించే ఒక జన్యువులోని తేడాకీ ఈ సబ్బు వాసనకీ సంబంధం ఉన్నట్టు 2012లో పరిశోధకులు గుర్తించారు. అలాంటివారికి పచ్చి ఆకు చల్లకుండా పచ్చడి చేసి పెట్టి చూడొచ్చు. ఆకుని నూరినప్పుడు ఆ ఘాటు చాలావరకు తగ్గుతుంది.

కొత్తిమీరలో బీటా కెరోటిన్, విటమిన్ సి, విటమిన్ కె ఉంటాయి. నాలుగు రెబ్బలతో ఒంటికి చేరేది స్వల్పమే. పచ్చడిగానో కారంగానో తిన్నప్పుడే లెక్కలోకొస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వేసుకునేవారు మాత్రం ఆకుకూరల మోతాదుని ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. విటమిన్ కె ఆ మందు పనితీరుని మారుస్తుంది కాబట్టి డాక్టర్‌ని అడగడం మంచిది.

కట్ట తాజాగా ఉండాలంటే...

* తెచ్చిన వెంటనే కడగొద్దు. పసుపు ఆకులు, కుళ్లిన కాడలు ఏరేసి, పొడి గుడ్డలోనో కాగితంలోనో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి.

* గ్లాసులో కొద్దిగా నీళ్లు పోసి కాడలు మునిగేలా నిలబెట్టి, పైన కవరు వదులుగా కప్పి ఫ్రిజ్‌లో పెట్టినా సరే. నీళ్లు మాత్రం తరచూ మార్చాలి.

* కడిగేటప్పుడు పెద్ద గిన్నెడు నీళ్లలో ముంచి ఆకుని పైకి తీయాలి. గిన్నె వంచేస్తే అడుక్కి చేరిన మట్టి మళ్లీ ఆకుకే అంటుకుంటుంది.

* ఎక్కువగా ఉంటే కాస్త నూనె వేసి రుబ్బి, ఐస్ ట్రేలో గడ్డకట్టించుకోవచ్చు. కూరకి ఒక గడ్డ చొప్పున వాడుకోవచ్చు.

* గుప్పెడే మిగిలిందా? పెసరట్టు పిండిలోనో, గుడ్డు అట్టులోనో, అల్లం వేసిన మజ్జిగలోనో తరిగి కలిపేయడమే.

* కాస్త ఎండ తగిలే బాల్కనీ ఉంటే ఇంట్లోనే పెంచుకోవచ్చు. ధనియాల్ని మెల్లగా నలిపి రెండు బద్దలుగా చేసి, రాత్రంతా నానబెట్టి కుండీలో చల్లాలి. ఒకటి రెండు వారాల్లో మొలకలొస్తాయి. నెల దాటిన కొద్ది రోజులకే ఆకు చేతికొస్తుంది. ఎప్పటికప్పుడు కావలసినంతే తుంచుకోవచ్చు, ఇక ఫ్రిజ్‌లో కుళ్లేదేమీ ఉండదు.