గమ్యం లేని పరుగు

పిల్లల చేతికి ఫోను చిక్కితే తెరుచుకునే ఆటల్లో ‘సబ్‌వే సర్ఫర్స్’ ఒకటి. గోడల మీద రంగులు చల్లుతూ పట్టుబడిన జేక్ అనే కుర్రవాడు రైలు పట్టాల వెంట పారిపోతుంటాడు. ఇన్‌స్పెక్టరు తన కుక్కతో సహా అతణ్ణి తరుముతుంటాడు. ఎదురొచ్చే రైళ్ళను తప్పించుకుంటూ, దారిలోని నాణేలు ఏరుకుంటూ పరుగెత్తాలి. కథ అంతే! డెన్మార్క్‌కు చెందిన కిలూ, సైబో సంస్థలు 2012 మే నెలలో విడుదల చేసిన ఈ ఆట, 2018లో గూగుల్ ప్లేలో వంద కోట్ల డౌన్‌లోడ్లు దాటిన తొలి ఆటగా నిలిచింది.

ఆకర్షణ ఎక్కడుంది?

ఈ ఆట నేర్చుకోవడానికి చదువు అక్కరలేదు. వేలిని పక్కకు జరిపితే పట్టా మారతాడు, పైకి జరిపితే దూకుతాడు, కిందికి జరిపితే దొర్లుతాడు. ఐదేళ్ళ పసివాడికీ నిమిషంలో పట్టుబడుతుంది. డబ్బు కట్టనవసరం లేదు. నెట్ లేకున్నా నడుస్తుంది. రక్తపాతం లేదు. 2013 నుండి న్యూయార్క్ మొదలుకొని మన ముంబయి వరకు ఎన్నో నగరాలు ఇందులో నేపథ్యాలుగా వచ్చాయి. చూపుకూ చేతికీ సమన్వయం, తక్షణ నిర్ణయం ఈ ఆటకు అవసరం. కాసేపటి వినోదంగా దీన్ని తప్పుపట్టవలసిన పని లేదు.

చిక్కు ఎక్కడుంది?

కబడ్డీకి సమయం ఉంది, క్యారమ్స్‌కు ఆఖరి కాయ ఉంది. ఈ పరుగుకు మాత్రం గమ్యం లేదు. వేగం పెరుగుతూ పోతుంది. ఎంతటి నేర్పరి అయినా ఎక్కడో ఒకచోట ఢీకొనక తప్పదు. అంటే ప్రతి ఆటా ఓటమితోనే ముగుస్తుంది. ‘ఇంకొక్కసారి ఆడితే మించిపోతాను’ అనే ఆశే మళ్ళీ బొత్తాం నొక్కిస్తుంది.

దీనికి తోడు బహుమతుల పెట్టెలు. తెరిచేదాకా అందులో ఏముందో తెలియదు. ఎప్పుడు దక్కుతుందో తెలియని ప్రతిఫలం కోసం ప్రాణి పట్టువిడవక ప్రయత్నిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాలు చాలాకాలం క్రితమే తేల్చాయి. రోజూ అక్షరాలు ఏరి పదం పూర్తిచేసే పోటీ కూడా అటువంటిదే. వరుసగా ఆడితే బహుమతి పెరుగుతుంది కనుక, ఆట మానిన రోజు ఏదో పోగొట్టుకున్నట్టు పిల్లవాడు బెంగపడతాడు.

మరి ‘ఉచితం’ మాటేమిటి? పడిపోయినవాడు లేచి పరుగు కొనసాగించాలంటే తాళంచెవులు ఖర్చుపెట్టాలి. ఒకే పరుగులో రెండోసారి పడితే రెండు, మూడోసారి నాలుగు, ఆపైన ఎనిమిది. అవి అయిపోతే ప్రకటన చూడాలి, లేదా డబ్బిచ్చి కొనాలి. రూపాయి తీసుకోని చోట మన పిల్లల సమయమే మూల్యమవుతున్నదన్నమాట.

అన్నిటికన్నా గంభీరమైన విషయం మరొకటి ఉంది. ఆటలో రైలుకు ఢీకొన్నవాడు మరుక్షణమే లేస్తాడు. వాస్తవంలో లేవడు. రైలు పట్టాలపై అక్రమంగా ప్రవేశించడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల జైలుశిక్షకు గురిచేయగల నేరం. ఈ తేడాను పిల్లలకు విడమరచి చెప్పవలసింది తల్లిదండ్రులే.

మనం చేయగలిగింది

ఆటకు లేని ముగింపును ఇల్లే ఏర్పరచాలి. ‘మూడు ఆటలు ఆడుకో’ అనడం కన్నా సమయం నిర్ణయించడం మేలు. ఎందుకంటే నేర్పు పెరిగినకొద్దీ ఒక్కొక్క పరుగూ సాగిపోతుంది. నడుమలో ఫోను లాక్కుంటే కోపం మిగులుతుంది. ఐదు నిమిషాల ముందే హెచ్చరించి, ఆ పరుగు ముగియగానే తీసుకుంటే తగవు తగ్గుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఒక్కొక్క యాప్‌కు రోజువారీ పరిమితి పెట్టవచ్చు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా అమర్చుకోవాలి. యూపీఐ పిన్ పిల్లలకు తెలియనీయరాదు.

భోజనం, నమాజు, నిద్ర వేళల్లో ఫోను పక్కన పెట్టాలన్న నియమం పిల్లలకే పరిమితమైతే నిలవదు. అబ్బా చేతిలో వార్తలు, అమ్మీ చేతిలో వీడియోలు ఆగకుండా దొర్లుతుంటే, అవీ గమ్యం లేని పరుగులేనని పిల్లలు ఇట్టే గ్రహిస్తారు. పెద్దలు ముందుగా ఫోను కింద పెట్టి, పిల్లవాడితో కలిసి సాయంత్రం వీధిలో నాలుగు అడుగులు పరుగెత్తగలిగితే, ఆ పరుగుకు అలుపూ ఉంటుంది, ఇంటికి చేరడమూ ఉంటుంది.