ఎండయు వంతెనలును

వంతెన మోయు భారమెల్ల దానిపై నడచు బండ్లదియు, దాని క్రింద పారు నేటి యొత్తిడిదియు మాత్రమేయని సామాన్యముగ తలంతుము. కాని యొక్క బండియు నడువని దినమున సైతము దానిని శ్రమపెట్టు శక్తి యొకటి కలదు. అది సూర్యుని వేడిమి. రోహిణికార్తెలో రోళ్లు పగులునను నానుడి మన దేశమున పుట్టినదే. ఱాతిని బాధించు నెండ కాంక్రీటును మాత్రము విడుచునా?

కాంక్రీటు కంటికి నిశ్చలముగ నుండును. అయినను వేడికి సాగును, చలికి కుంచించును. ఉష్ణము ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ హెచ్చిన, పదిలక్షల పాళ్ల పొడవునకు పదినుండి పండ్రెండు పాళ్లవఱకు పెరుగును. ఉక్కు పెరుగుదలయు నించుమించు నింతియే. ఈ సామ్యమే లేకున్నచో కాంక్రీటులో నుక్కుకడ్డీలను పొదిగి కట్టు పద్ధతి నిలిచియుండెడిది కాదు.

పదిలక్షలలో పదిపాళ్లన్న నల్పముగ తోచును. రాజమహేంద్రవరముకడ గోదావరిపై 1997లో పూర్తియైన కాంక్రీటు రైలువంతెనను చూడుడు. దాని పొడవు సుమారు 2,745 మీటర్లు. పుష్యమాసపు వేకువకును వైశాఖపు మధ్యాహ్నమునకును నడుమ కాంక్రీటు ఉష్ణము 30 డిగ్రీలు మాఱినదనుకొందము. వంతెన యంతయు నొకే ముక్కయైనచో 80 సెంటిమీటర్లకు మించి పెరుగవలసివచ్చును. అది సుమారు 97.5 మీటర్ల ఖానాలు 28గా నుండుటచే నొక్కొక్క ఖానా వంతునకు మూడు సెంటిమీటర్ల చలనమే వచ్చుచున్నది. ఆ మూడు సెంటిమీటర్లకు చోటిచ్చునవి ఖానాల నడుమనుండు సందులును, క్రిందనుండు బేరింగులును.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మఱియొకటి కలదు. కాంక్రీటు వేడిని త్వరగా లోనికి పోనీయదు. కావున మిట్టమధ్యాహ్నమున వంతెన పైతలము కాలుచుండగా నడిమిభాగమింకను చల్లగనే యుండును. పైభాగము సాగుటచే వంతెన నడుమ పైకి వంగజూచును. విడివిడి ఖానాలైనచో వంగి, సాయంకాలమునకు మరల సర్దుకొనును. పెక్కు ఖానాలు అతుకులేక యేకముగ సాగిన వంతెనలలో నడిమి స్తంభములు ఆ వంపును అడ్డుకొనును. అడ్డుకొన్న వంపు అడుగుభాగమున లాగుడుగా పరిణమించును. రాత్రివేళ పైతలము ముందుగా చల్లారుటచే దీనికి విపరీతము జరుగును. లాగుడును సహింపలేకుండుటయే కాంక్రీటు బలహీనత.

న్యూజిలాండులోని ఆక్లండు నగరమున 1966లో తెరవబడిన న్యూమార్కెటు వంతెన యిందుకు దృష్టాంతము. ఎండవేడిమిని తక్కువగ లెక్కించి కట్టుటచే దానియందు చీలికలు కానవచ్చినవి. పిమ్మట 1970 దశకమున ప్రీస్ట్లీ మున్నగు శాస్త్రజ్ఞులు ఈ విషయమును శోధించి, లోతునుబట్టి యుష్ణము తగ్గు క్రమమును నిర్ణయించిరి. ఆ వంతెన స్థానమున నేడు క్రొత్తది వెలసినది. అది నేర్పిన పాఠము మాత్రము నిలిచినది. మన దేశమునను భారత రోడ్ల కాంగ్రెసు నిబంధనలు కాంక్రీటు వంతెన పైతలమునకు పగటి యెండలో 17.8 డిగ్రీల యాధిక్యమును, రాత్రి చల్లారునప్పుడు 10.6 డిగ్రీల తగ్గుదలను లెక్కింపవలెనని విధించినవి.

లెక్క సరిగ కట్టిననే చాలదు, కట్టినదానిని కాపాడవలెను. సందులలో మన్నును కంకరయు నిండినను, రోడ్డుకు తారు వేయువారు వానిని కప్పివేసినను, బేరింగులు త్రుప్పుపట్టి బిగిసినను, శిల్పి యిచ్చిన యెడము వ్యర్థమగును. సాగుటకు చోటులేని కాంక్రీటు తన్ను తానే చీల్చుకొనును. ఆ చీలికగుండ వాననీరు కడ్డీలకు చేరును. పిదప లక్షల వ్యయము తప్పదు. కాలువవంతెన యొకటి మూతపడినచో కోతలకాలమున ధాన్యము కల్లములందే నిలిచిపోవుట రైతులెఱిగినదే.

క్రొత్త వంతెనకు శంకుస్థాపన చేయుటలోగల యుత్సాహము పాతవంతెన సందును శుభ్రపఱచుటలో కానరాదు. ఏటేట వేసవికి ముందొకమాఱు సందులను, బేరింగులను పరీక్షించుటకు కావలసినది కొలదిపాటి కూలియు, కొంత శ్రద్ధయు మాత్రమే. పన్నులిచ్చు ప్రజలు తమ యూరి వంతెన విషయమున నీ ప్రశ్నను అధికారుల నడుగవలెను. సూర్యుడు తన పనిని ఒక్కనాడును మానడు. మనమును మన పనిని మానరాదు.