ఉమ్మి చెప్పే జాతకం

మొన్నొక సాయంత్రం మా పక్కింటి వదిన పళ్లెం నిండా పాలకోవా తీసుకొచ్చింది.

"ఏం విశేషం వదినా, అమ్మాయికి సంబంధం కుదిరిందా?" అన్నాను.

"అదేం కాదు. నాకు క్యాన్సర్ రాదంట! రిపోర్టు అచ్చింది" అంది వెలిగిపోతూ.

వదిన భయం నాకు తెలుసు. వాళ్లమ్మ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. రెండేళ్ల కిందట చెల్లెలికీ అదే బయటపడింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు తల్లి దిగులు చూడలేక, ఉమ్మితో జన్యువులు పరీక్షించే డబ్బా ఒకటి తెప్పించింది. గొట్టంలో ఉమ్మి నింపి పంపారు. కొన్ని వారాలకు ఫోన్‌లోకి రిపోర్టు వచ్చింది. రొమ్ము క్యాన్సర్ దగ్గర 'మార్పులేవీ కనిపించలేదు' అని రాసి ఉంది.

"ఏడాదికోపారి చూపించుకోమన్నది డాక్టరమ్మ. ఇగ ఆ తిరుగుడు తప్పింది" అంది వదిన. నేనూ కోవా తిని సంతోషించాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఒక అనుమానం పురుగులా తొలిచింది. తాళంచెవి గూట్లో కనిపించకపోతే ఇంట్లోనే లేదని అర్థమా?

అన్నీ చూడరు

తెలిసిన వైద్యురాలిని అడిగాను, దొరికింది చదివాను. రొమ్ము క్యాన్సర్‌కు సంబంధించి ముఖ్యంగా చెప్పేవి బిఆర్‌సిఎ 1, బిఆర్‌సిఎ 2 అనే రెండు జన్యువులు. వాటిలో ప్రమాదం పెంచే మార్పులు వెయ్యికి పైనే ఉన్నాయి. అమెరికాలో 23అండ్‌మీ అనే కంపెనీ ఆరోగ్య రిపోర్టులను 2013లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆపించింది. 2018లో ఈ జన్యువుల పరీక్షకు అనుమతిచ్చినప్పుడు అది మూడంటే మూడు మార్పులకే. ఆ మూడూ ఎక్కువగా తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల్లో కనిపించేవి. అవి లేవన్నంత మాత్రాన ముప్పు లేదనుకోవద్దని ఆ సంస్థే చెప్పింది. మరి పిట్లం ఆడపడుచుకు అలాంటి పరీక్ష ఏం భరోసా ఇస్తుంది?

ఇంకో మాట. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. మిగతావాళ్లకు ఏ జన్యువూ ముందుగా కబురు పంపదు.

అలాగని జన్యుశాస్త్రం వట్టిది కాదు. మన తెలుగు ప్రాంతాల వైశ్య కుటుంబాల్లో కొందరికి ఒక ఎంజైము పుట్టుకతోనే లోపిస్తుంది. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు వాళ్లలో త్వరగా విరగదు. మళ్లీ సొంతంగా ఊపిరి తీసుకునేదాకా గంటల తరబడి యంత్రం మీద ఉంచాల్సి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా అలా జరిగితే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఆ ఎంజైము ఎంతుందో మామూలు రక్తపరీక్షే చెబుతుంది. సరైన ప్రశ్న, సరైన పరీక్ష, పక్కన డాక్టరు. తేడా అక్కడే ఉంది.

చట్టం ఎక్కడుంది?

మన దేశంలో జన్యు పరీక్షల మీద గట్టి చట్టం లేకపోలేదు. కానీ అది కడుపులో బిడ్డ వరకే. 1994లో చేసిన లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద జన్యు ల్యాబులు, కౌన్సెలింగ్ కేంద్రాలు రిజిస్టరు చేయించుకోవాలి. ఆడా మగా చెప్పడం నేరం. పెద్దవాళ్లకు నేరుగా అమ్మే ఈ ఉమ్మి డబ్బాలకంటూ మాత్రం ప్రత్యేక చట్టం లేదు.

ఇక మన గుట్టు సంగతి. 23అండ్‌మీలో 2023లో దొంగలు పడి సుమారు 69 లక్షల మంది వివరాలు పట్టుకుపోయారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కోటిన్నర మంది జన్యు సమాచారం ఎవరి చేతికి పోతుందోనని గగ్గోలు పుట్టింది. మన దగ్గర వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. ఫోన్ పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. జన్యువులు మార్చుకోగలమా? పైగా అవి మన ఒక్కరివే కావు. అన్నదమ్ములవీ, పిల్లలవీ గుట్టు అందులోనే ఉంటుంది.

కొనేముందు

ఏ జన్యువులో ఎన్ని మార్పులు చూస్తారో అడగండి. ల్యాబుకు ఎన్‌ఎబిఎల్ గుర్తింపు ఉందా, ఫలితం వివరించే కౌన్సెలర్ ఉన్నారా కనుక్కోండి. శాంపిల్, వివరాలు చెరిపేయమంటే చెరిపేస్తారా తెలుసుకోండి. రిపోర్టు చూసి మందులు మానడం, పరీక్షలు మానడం వద్దు. రొమ్ములో గడ్డ తగిలితే రిపోర్టు బీరువాలో పెట్టి ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మర్నాడు వదినతో ఇదంతా చెప్పడం తేలిక కాలేదు. మొహం చిన్నబోయింది. "కోవా తినేటప్పుడు చెప్పలేదేం?" అంది. నిజమే, నా తప్పే. తర్వాతి వారం ఇద్దరం నిజామాబాద్ బస్సెక్కి మామోగ్రామ్ తీయించాం. ప్రస్తుతానికి ఏమీ లేదన్నారు. అక్కడి డాక్టరమ్మ ఇంకో మంచి మాట చెప్పింది. ఇలాంటి ఇంట్లో జన్యు పరీక్ష ముందు జబ్బు వచ్చిన మనిషికి చేయాలట. చెల్లెలిలో మార్పు దొరికితే అదే మార్పు వదినలో ఉందో లేదో వెతకొచ్చు. అప్పుడు 'లేదు' అన్న మాటకు విలువ ఉంటుంది.

తిరుగు బస్సులో వదిన చెల్లెలికి ఫోన్ చేసింది. "నువ్వు ముందు చేయించుకోవాలెనంట. నేనొస్తా తోడు" అంటోంది. మళ్లీ ఏడాదికి మామోగ్రామ్ తేదీ మాత్రం నేను నా క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్నాను, ఆమెదీ, నాదీ.