మూత్రపిండ వ్యాధి: ఆలస్యంగా అందే కబురు

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగాన ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలను కలిపి ఉద్దానం అంటారు. ‘ఉద్యానం’ అన్న మాటే అలా మారిందని వాడుక. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఈ సీమలో మధుమేహం గాని, అధిక రక్తపోటు గాని లేని రైతులు, కూలీలు దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధికి బలి అవుతున్నారు. ఎండలో శ్రమ, దాహం, భూగర్భజలంలోని పదార్థాలు ఇలా అనుమానాలు అనేకం. కారణం మాత్రం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయితే రోగి ఆ గడప తొక్కే వేళకు వ్యాధి చాలా వరకు ముదిరిపోయి ఉండటమే అసలు విషాదం.

ఇందుకు ఒక కారణం వ్యాధి స్వభావంలోనే ఉన్నది. మూత్రపిండాల జబ్బు అనగానే మనవారు కాళ్ళ వాపు కోసం, మూత్రంలో నురుగు కోసం చూస్తారు. ఉద్దానం వ్యాధి వడపోత గుచ్ఛాలకంటె ముందుగా సూక్ష్మనాళికలను దెబ్బతీస్తుంది. కనుక మాంసకృత్తులు అంతగా బయటికి పోవు. వాపు, రక్తపోటు చాలాకాలం కనిపించకపోవచ్చు. మూత్రం పరిమాణం కూడా తగ్గకపోవచ్చు. నీరు వస్తూనే ఉంటుంది, మలినాలే లోపల మిగిలిపోతాయి. ‘మూత్రం బాగానే వస్తోంది గదా’ అన్న మాట ఎంతమందిని మోసగించిందో!

వ్యాధి ముదిరినప్పుడు వచ్చే బాధలు వేరే జబ్బుల వేషంలో వస్తాయి. అన్నం సయించదు, మాంసం వాసన గిట్టదు, ఉదయాన్నే వికారం. దీనిని పైత్యం అనుకుంటారు. నిజానికి రక్తంలో పెరిగిన యూరియా లాలాజలంలోకి చేరగా, నోటిలోని సూక్ష్మజీవులు దానిని అమ్మోనియాగా విడగొడతాయి. లోహపు రుచి, నోటి దుర్వాసన అందువల్లనే. దద్దురు లేని దురద, రాత్రి పిక్కలు పట్టెయ్యడం, పదేపదే మూత్రానికి లేవడం కూడా గమనించదగినవి. ఎర్రకణాల తయారీని ప్రేరేపించే ఎరిత్రోపోయిటిన్ ముఖ్యంగా మూత్రపిండాలలోనే పుడుతుంది. అది తగ్గితే మనిషి పాలిపోతాడు, నాలుగడుగులకే ఆయాసపడతాడు. ఇంటివారు వయసు మీద పడింది అనుకుంటారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, ఆగని వెక్కిళ్ళు, మగత, మాట తడబడటం, హఠాత్తుగా కాళ్ళలో బలం పోవడం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగరాదు.

నీరసించిన వానికి కొబ్బరి బోండాం కొట్టి ఇవ్వడం మన ఆచారం, తోటల సీమలో మరీను. వంద మిల్లీలీటర్ల కొబ్బరినీటిలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. చెడిన మూత్రపిండాలు దానిని పంపివేయలేవు. అది రక్తంలో పెరిగితే ముందస్తు హెచ్చరిక లేకుండానే గుండె లయ తప్పవచ్చు. ప్రేమతో ఇచ్చేది ఇంకొకటి కూడా ఉన్నది. డ్రెస్డెన్‌లో చీటీ లేకుండా మందుల దుకాణంలో దొరికే ఐబుప్రొఫెన్ 400 పెట్టెలు అమ్మ మోకాళ్ళ నొప్పికని మన సూట్‌కేసుల్లో వెళుతుంటాయి. ఈ తరగతి మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. జబ్బు ఉన్నవారికి వీటిని పంపకుండటమే మేలు.

సందేహం కలిగితే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. మాక్స్ యాఫే 1886లో కనుగొన్న పిక్రిక్ ఆమ్లపు నారింజ రంగు చర్యే నేటికీ అనేక ప్రయోగశాలల్లో దీనికి ఆధారం. ఇంటినుండి వచ్చే కాగితాన్ని చదవడంలో ఇక్కడివారికి ఒక చిక్కున్నది. పూర్వపు తూర్పు జర్మనీ ప్రాంతం కనుక ఇక్కడ సాధారణంగా లీటరుకు మైక్రోమోల్ లెక్క. అక్కడ డెసిలీటరుకు మిల్లీగ్రాము. 88.4తో హెచ్చవేయాలి. అక్కడి 4.5 ఇక్కడి 398. ‘నాలుగున్నరే గదా’ అనుకోవడానికి వీలులేదు.

ఇంకొక సంగతి. ఈ అంకె సమంగా పెరగదు. స్థూలంగా చెప్పాలంటే, 1 నుండి 2 అయ్యేసరికే సగం శక్తి నశిస్తుంది. 4 నుండి 5 అయితే పోయేది మొదటి శక్తిలో ఇరవయ్యో వంతు. కండ తగ్గిన వృద్ధులలో 1.3 కూడా అనుమానించదగినదే. అందుచేత అంకెతో పాటు వడపోత రేటును లెక్కకట్టించాలి. అది 30 కంటె తగ్గితే వ్యాధి ముదిరినట్లు. 15 కంటె తగ్గితే డయాలిసిస్ గురించి, మార్పిడి గురించి వైద్యునితో మాట్లాడే సమయం దాటిపోతున్నట్లు. పాత కాగితాలు పారవేయవద్దని నాన్నగారితో చెప్పండి. రెండేళ్ళనాటి అంకె పక్కన పెట్టి చూస్తేనే వ్యాధి ఎంత వేగంగా నడుస్తున్నదో వైద్యునికి తెలుస్తుంది.